రికమెండేషన్ ఒకటే, ఖాతాలు వేరు: పెయిడ్ స్టాక్ సర్వీసుల్లో చందాదారుడికి నిజంగా దక్కేదేమిటి?

ఒకే సర్వీసులో ఒకే నెలలో ఇద్దరు చేరతారు. ఏడాది తిరిగేసరికి ఒకరు "కట్టిన ఫీజుకు పదింతలు వచ్చింది, కళ్లు మూసుకుని చేరొచ్చు" అంటారు. రెండోవారు "ఫీజూ పోయింది, పెట్టిన డబ్బులో మూడో వంతూ పోయింది, పక్కా మోసం" అంటారు. చదివేవాళ్లు వీళ్లలో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకుంటారు. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. షేర్లు సూచించే పెయిడ్ సర్వీసుల గురించి అర్థం చేసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. సర్వీసు చూపించే రికార్డు ఒకటి, చందాదారుడి షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతాలో కనిపించేది ఇంకొకటి. ఈ రెండింటి మధ్య దూరం ఎక్కడ పుడుతుందో తెలియకుండా ఏ సర్వీసు మంచిది, ఏది చెడ్డది అని అడిగితే సరైన జవాబు దొరకదు.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక సర్వీసు ఏడాదిలో 20 షేర్లు సూచించింది అనుకుందాం. వాటిలో రెండు నాలుగింతలయ్యాయి. ఎనిమిది తలా 15 శాతం పెరిగాయి. మిగిలిన పది తలా 30 శాతం పడ్డాయి. ఒక్కోదాంట్లో 10,000 చొప్పున మొత్తం 2 లక్షలు పెట్టినవాళ్లకు చివరికి 2,42,000 ఉంటుంది, అంటే 21 శాతం లాభం. సర్వీసు తన ప్రకటనలో వేసుకునే అంకె ఇదే. అందులో తప్పు లేదు. ఇప్పుడు ఆ రెండు షేర్లూ పక్కన పెట్టి చూడండి. మిగిలిన 18 షేర్లలో పెట్టిన 1,80,000 కాస్తా 1,62,000 అయింది, అంటే 10 శాతం నష్టం.

అసలు సమస్య ఇక్కడే ఉంది. 20 షేర్లూ కొనేవాళ్లు ఎంతమంది? నెల జీతంలో మిగిలిన దానితో కొనేవాళ్లు నాలుగో, ఐదో ఏరుకుంటారు. 20లోంచి చీటీలు తీసినట్టు ఏవో ఐదు ఏరుకుంటే, ఆ రెండు పెద్ద షేర్లలో ఒక్కటీ చేతికి రాకపోయే అవకాశం 55 శాతం. అంటే రికార్డు 21 శాతం లాభం చూపిస్తున్న సర్వీసులో కూడా ఇలా ఐదేసి ఏరుకునే చందాదారుల్లో సగానికి పైగా మందికి ఆ రెండు పెద్ద షేర్లు తగలనే తగలవు. పైగా జనం చీటీలు తీసినట్టు కూడా ఏరుకోరు. పేరు విన్న కంపెనీని, 40 రూపాయలకో 60 రూపాయలకో దొరికే షేరును ఏరుకుంటారు. అప్పటికే 20 శాతం పెరిగిపోయిన షేరు చూస్తే "రేటు దాటిపోయింది, తగ్గాక కొందాం" అని వదిలేస్తారు. ముందుగా పరిగెత్తేది తరచుగా ఆ వదిలేసిన షేరే. అందుకే ఒక సర్వీసుపై అభిప్రాయం చెప్పేవాళ్లను "లాభం వచ్చిందా?" అని అడగడం కంటే "ఎన్ని కొన్నారు, ఒక్కోదాంట్లో ఎంత పెట్టారు?" అని అడిగితే అసలు విషయం బయటపడుతుంది.

రెండో తేడా రేటు దగ్గర వస్తుంది. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఉదయం 11 గంటల ప్రాంతంలో ఫోన్‌కు మెసేజ్ వస్తుంది: ఫలానా షేరు, 142 నుంచి 146 మధ్య కొనండి, టార్గెట్ 210. కంపెనీ చిన్నది. రోజుకు ఆ షేరులో రెండు మూడు కోట్ల లావాదేవీలు జరిగితే గొప్ప. అదే మెసేజ్ వెయ్యి మందికి వెళ్లి, ఒక్కొక్కరు 50,000 పెడదామనుకుంటే ఐదు కోట్ల కొనుగోలు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అమ్మేవాళ్లు ఉండరు. ముందురోజు ముగింపు 142 అయితే, 5 శాతం సర్క్యూట్ (ఒక రోజులో రేటు అంతకు మించి కదలకుండా పెట్టే హద్దు) ఉన్న షేరు 149.10 దగ్గర ఆగిపోతుంది. మీటింగ్‌లో ఉండి పన్నెండున్నరకు ఫోన్ చూసుకున్న ఉద్యోగికి స్క్రీన్ మీద అమ్మకందారుల వరుసంతా సున్నాలే కనిపిస్తాయి. మర్నాడు మళ్లీ సర్క్యూట్, 156.55. "ఇప్పుడు కొనకపోతే చేజారిపోతుంది" అనే టెన్షన్‌లో 156 దగ్గర కొంటారు. రెండు వారాలకు కొత్తగా కొనేవాళ్లు కరువై షేరు 138కి దిగుతుంది. సర్వీసు రికార్డులో కొన్న రేటు 144, నష్టం 4 శాతం. ఈ ఉద్యోగి ఖాతాలో నష్టం 11 శాతం దాటుతుంది.

ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. చందాదారులే ఒకరికొకరు పోటీ అయ్యారు. ఒక చిన్న షేరులో సర్వీసుకు ఎంత ఎక్కువ మంది చందాదారులుంటే, ఒక్కొక్కరికి దొరికే రేటు అంత అధ్వానంగా ఉంటుంది. "మా దగ్గర వేలమంది సభ్యులున్నారు" అనే మాట కొనేవాడికి ధైర్యంగా వినిపిస్తుంది. మైక్రోక్యాప్ షేర్ల, అంటే బాగా చిన్న కంపెనీల షేర్ల విషయంలో అది హెచ్చరికగా తీసుకోవాల్సిన మాట. తెలిసిన సర్వీసులు ఈ సంగతి గ్రహించి మార్కెట్ ముగిశాక నోట్ పంపుతాయి, "ఈ రేటు దాటితే కొనవద్దు" అని గట్టిగా రాస్తాయి, ఒక్కో ప్యాకేజీలో సభ్యుల సంఖ్యకు హద్దు పెడతాయి. చేరేముందు అడగదగ్గ మంచి ప్రశ్నల్లో ఇదొకటి.

ఇక ఫీజు సంగతి. ఏడాదికి 15,000 ఫీజు, జీఎస్టీ 18 శాతం కలిపితే 17,700. ఇరవై లక్షలు షేర్లలో ఉన్నవాళ్లకు ఇది ఒక్క శాతం కూడా కాదు. ఐదు లక్షలున్నవాళ్లకు మూడున్నర శాతం. 50,000తో మొదలుపెట్టిన కుర్రాడికి 35 శాతం! ఆ ఏడాది షేర్లు 35 శాతం పెరిగితే అతను బయల్దేరిన చోటికి చేరుకుంటాడు, అంతే. ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను (2024 జూలై 23 నుంచి ఇదే రేటు), కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల మీద పన్ను) వేరే ఉంటాయి. లక్ష రూపాయలకు ఏడాదికి రెండు మూడు వందల ఖర్చుతో నడిచే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్లు (నిఫ్టీ సూచీలోని షేర్లనే కొని ఉంచే ఫండ్లు) ఉన్న రోజుల్లో, రెండు మూడు లక్షల లోపు పెట్టుబడి ఉన్నవాళ్లు పెయిడ్ సర్వీసు తీసుకోవడం లెక్కప్రకారం నిలబడదు. సర్వీసు ఎంత మంచిదైనా నిలబడదు. ఈ మాట చందా అమ్మేవాళ్లు చెప్పరు కాబట్టి ఇక్కడ నొక్కి చెప్పాల్సి వస్తోంది.

కొనమన్నారు, అమ్మమనలేదు

చందాదారుల అనుభవాల్లో చేదు ఎక్కువగా పేరుకునేది అమ్మకం దగ్గర. కొనమనే మెసేజ్‌లు ఉత్సాహంగా వస్తాయి. కంపెనీ చరిత్ర, రంగం భవిష్యత్తు, మేనేజ్‌మెంట్ గొప్పతనం అన్నీ పది పేజీల నోట్‌లో ఉంటాయి. షేరు 20 శాతం పడ్డప్పుడు "స్టోరీ ఇంటాక్ట్, హోల్డ్ చేయండి" అని రెండు ముక్కలు వస్తాయి. 40 శాతం పడ్డప్పుడు "యావరేజ్ చేసుకోవచ్చు", అంటే తగ్గిన రేటుకు ఇంకొన్ని కొనండి అంటారు. 60 శాతం పడ్డాక ఆ షేరు పేరు ఎత్తేవాళ్లే ఉండరు. ఒకరోజు జాబితాలోంచి అది మాయమవుతుంది.

ఇంతకంటే తక్కువగా చర్చకు వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. చందా ఏడాదికి కడతారు. షేరును మాత్రం మూడేళ్లు, ఐదేళ్లు ఉంచుకోమంటారు. చందా ముగిశాక అమ్మమనే మెసేజ్ ఆ పాత సభ్యుడికి రాదు. షేర్లు అతని ఖాతాలోనే ఉంటాయి, వాటి గురించి చెప్పే మనిషి మాత్రం ఉండడు. నూతిలో దించి తాడు కోసినట్టు అవుతుంది. దాంతో చాలామంది కొత్త షేర్ల కోసం కాకుండా, పాత షేర్లు ఎప్పుడు అమ్మాలో తెలుసుకోవడానికే చందా పొడిగిస్తూ పోతారు. కొన్ని సర్వీసులు చందా ముగిసినా, అప్పటిదాకా సూచించిన షేర్ల అమ్మకం సమాచారం పంపుతామని ముందే రాసి ఇస్తాయి. చిన్న నిబంధనలా కనిపిస్తుంది కానీ, చందాదారుడికి ఫీజు తగ్గింపు కంటే ఇది ఎక్కువ విలువైనది.

2018 దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడాది నిఫ్టీ 50 మూడు శాతం దాకా పెరిగింది. చిన్న కంపెనీల సూచీ నిఫ్టీ స్మాల్‌క్యాప్ 100 మాత్రం సుమారు 29 శాతం పడింది. టీవీలో సూచీలు బాగానే కనిపిస్తుంటే, స్మాల్‌క్యాప్ సర్వీసులు తీసుకున్నవాళ్ల ఖాతాలు మాత్రం రోజురోజుకీ కరిగిపోయాయి. అంతకుముందు ఏడాది స్మాల్‌క్యాప్‌లు విపరీతంగా పెరిగినప్పుడు చేరినవాళ్లూ అందులో ఉన్నారు. జనం చందా కట్టేది పోయిన ఏడాది రిటర్న్ చూసి, దక్కేది మాత్రం వచ్చే ఏడాది రిటర్న్.

2020 మార్చి పతనం తర్వాత దీనికి తిరగబడ్డ కథ నడిచింది. అప్పటికి దేశంలో డీమ్యాట్ ఖాతాలు నాలుగు కోట్లు. 2023 ఆగస్టుకల్లా పది కోట్లు దాటాయి. ఆ కాలంలో చిన్న షేర్లు దాదాపు ఏవి పట్టుకున్నా పెరిగాయి. దాంతో ప్రతి సర్వీసుకూ మెరిసే రికార్డు తయారైంది, ప్రతి చందాదారుడూ తృప్తిగా ఉన్నాడు. వాపును చూసి బలుపు అనుకున్న కాలం అది. 2024 సెప్టెంబర్ తర్వాత స్మాల్‌క్యాప్ సూచీలు ఐదారు నెలల్లో ఐదో వంతుకు పైగా పడ్డప్పుడు కానీ ఎవరి దగ్గర సరుకుందో తెలియలేదు. ఏ సర్వీసు గురించైనా 2021లో రాసిన పొగడ్తను, 2025 ఫిబ్రవరిలో రాసిన తిట్టును ఒకే తూకంతో తూచకూడదు. రెండూ ఆ సర్వీసు కంటే ఆ కాలం గురించే ఎక్కువ చెబుతాయి.

రిజిస్ట్రేషన్ ఉంటే ఏమున్నట్టు?

మన దేశంలో డబ్బు తీసుకుని షేర్లు సూచించాలంటే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. రెండు దారులున్నాయి. 2013 నిబంధనల కింద ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్, 2014 నిబంధనల కింద రీసెర్చ్ అనలిస్ట్. అడ్వైజర్ నంబరు ఐఎన్ఏతో, అనలిస్ట్ నంబరు ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. తేడా నంబరుతో ఆగదు. అడ్వైజర్ చందాదారుడి ఆదాయం, అప్పులు, వయసు, నష్టం తట్టుకునే శక్తి చూసి అతనికి సరిపోయే సలహా ఇవ్వాలి. అనలిస్ట్ అలా చూడడు. ఆ షేరు బాగుందా లేదా అన్నంతవరకే అతని పని. ఆన్‌లైన్‌లో అమ్ముడుపోయే స్టాక్ చందాల్లో అనలిస్టులు నడిపేవి చాలా ఉన్నాయి. అంటే కూతురి పెళ్లికి దాచిన డబ్బుతో కొన్నా, బోనస్ డబ్బుతో కొన్నా వచ్చే మెసేజ్ ఒక్కటే. "మా పరిస్థితి చూసి చెప్పారు" అనుకునే చందాదారుడు తను కొనని సేవను కొన్నాననుకుంటున్నాడు. నిరాశలో సగం ఈ అపోహ నుంచే వస్తుంది.

రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన మంచి జరుగుతుందన్న భరోసా లేదని మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ అనుభవం చెబుతుంది. 2010ల్లో అక్కడ అడ్వైజరీ కంపెనీలు పెద్ద ఎత్తున పుట్టుకొచ్చాయి. వాటిలో చాలావాటిపై సెబీ ఇచ్చిన ఉత్తర్వుల్లో ఒకే రకం పద్ధతి కనిపిస్తుంది. ఫోన్ చేస్తారు. చిన్న ప్యాకేజీ అంటగడతారు. నష్టం వచ్చిందంటే "మీది బేసిక్ ప్లాన్ సార్, ప్రీమియంలో అయితే రికవరీ ఖాయం" అని ఇంకోటి, దాని మీద ఇంకోటి. ప్యాకేజీకి సరిపోయేలా రిస్క్ ప్రొఫైల్‌ను వాళ్లే నింపేస్తారు. చివరికి చందాదారుడు మార్కెట్‌లో పెట్టగలనన్న డబ్బు కంటే కట్టిన ఫీజులే ఎక్కువైన సందర్భాలున్నాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. నష్టపోయిన మనిషి ఆ నష్టం పూడ్చుకోవాలన్న ఆరాటంలో ఉన్నప్పుడు అతనికి ఇంకో ప్యాకేజీ అమ్మడం కంటే క్రూరమైన వ్యాపారం ఈ రంగంలో లేదు.

ఫీజుల మీద ఇప్పుడు హద్దు ఉంది. రీసెర్చ్ అనలిస్టులు ఒక కుటుంబం నుంచి ఏడాదికి 1,51,000 కంటే ఎక్కువ తీసుకోకూడదని 2025 జనవరిలో సెబీ నిర్ణయించింది. అంతకుముందు వాళ్లకు పరిమితే లేదు. ముందుగా ఎంతకాలానికి ఫీజు తీసుకోవచ్చన్నది మొదట మూడు నెలలని పెట్టి, అదే ఏడాది ఏప్రిల్‌లో ఏడాది వరకు అని సడలించింది. చందాను మధ్యలో ఆపితే మిగిలిన కాలానికి దామాషా ప్రకారం ఫీజు తిరిగి ఇవ్వాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు. "నో రిఫండ్" అని వెబ్‌సైట్‌లో రాసుకున్నంత మాత్రాన రిజిస్టర్డ్ అనలిస్ట్ ఈ బాధ్యత నుంచి తప్పించుకోలేడు. తను సూచించే షేరును నోట్ ఇవ్వడానికి 30 రోజుల ముందు నుంచి, ఇచ్చిన తర్వాత 5 రోజుల వరకు సొంతానికి కొనడం, అమ్మడం కూడా కుదరదు. లాభం గ్యారంటీ అనడం, చందాదారుడి డీమ్యాట్ లాగిన్ అడగడం ఎవరికీ చెల్లవు.

ఫిర్యాదు విషయంలో కూడా ఒక అపోహ ఉంది. "వాళ్లు చెప్పిన షేరు పడిపోయింది" అన్నది ఫిర్యాదు కాదు. గ్యారంటీ ఇచ్చారు, చెప్పిన సేవ ఇవ్వలేదు, రిఫండ్ ఎగ్గొట్టారు, ఒప్పందం చూపకుండా డబ్బు తీసుకున్నారు అన్నవి ఫిర్యాదులు. సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో వేస్తే 21 రోజుల్లో సంస్థ జవాబు చెప్పాలి. అక్కడ తేలకపోతే ఆన్‌లైన్‌లో వివాదాలు పరిష్కరించే స్మార్ట్ ఓడీఆర్ దారి ఉంది. ఇవన్నీ రిజిస్టర్డ్ సంస్థలకే. టెలిగ్రామ్‌లో పేరూ ఊరూ లేని ఛానెల్‌కు యూపీఐలో పంపిన డబ్బుకు ఈ దారి లేదు. అది సైబర్ నేరం కింద 1930కి ఫోన్ చేయాల్సిన వ్యవహారం. ఆలస్యమయ్యే ప్రతి గంటా డబ్బు ఇంకో ఖాతాకు దాటిపోతుంది.

అలాంటి ఛానెళ్ల "వరుస విజయాల" వెనక ఎంత తేలికైన కిటుకు ఉందో చూడండి. 8,000 ఫోన్ నంబర్లు తీసుకుంటారు. సగం మందికి రేపు ఫలానా షేరు పెరుగుతుందని, మిగతా సగానికి పడుతుందని పంపుతారు. తప్పు మెసేజ్ వెళ్లినవాళ్లను వదిలేసి, మిగిలిన 4,000 మందిని మళ్లీ రెండుగా విడదీస్తారు. ఐదు రోజుల తర్వాత 250 మంది మిగులుతారు. వాళ్లకు వరుసగా ఐదు రోజులు ఐదుకు ఐదూ నిజమయ్యాయి! ఆరో రోజు వాళ్లకే "ఇక పెయిడ్ గ్రూప్" అని మెసేజ్ వస్తుంది. ఆ 250 మందిలో ఒకరు "నేను కళ్లారా చూశాను, ఒక్కటీ తప్పలేదు" అని చుట్టాలకు చెబితే అది పూర్తి నిజమే.

స్క్రీన్‌షాట్లలో చూపించే లాభం సంగతి కూడా ఇలాంటిదే. 2023 అక్టోబర్‌లో "బాప్ ఆఫ్ చార్ట్" అనే పేరుతో ఆన్‌లైన్‌లో నడిచిన వ్యవహారంలో సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు దీనికి తార్కాణం. శిక్షణ కోర్సుల పేరుతో రిజిస్ట్రేషన్ లేకుండా కొనడం, అమ్మడం చెబుతున్నారని పేర్కొంటూ 17.2 కోట్లు ఎస్క్రో ఖాతాలో (వివాదం తేలేదాకా డబ్బు ఆపి ఉంచే ఖాతా) జమ చేయమంది. భారీ లాభాలు చూపించి జనాన్ని రప్పించిన ఆ నిర్వాహకుడి సొంత ట్రేడింగ్‌లో 2021 జనవరి నుంచి 2023 జూలై వరకు సుమారు 2.89 కోట్ల నికర నష్టం ఉందని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. ఆప్షన్ కాల్స్ అమ్మే సర్వీసుల గురించి వేరే చెప్పక్కర్లేదు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారని, ఆ మొత్తం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ అధ్యయనమే తేల్చింది. ఆ మైదానంలో నెలకు 3,000కు గెలుపు అమ్ముతామనేవాళ్లను నమ్మడానికి కారణం ఒక్కటీ కనిపించదు.

పాత రిటర్న్‌లను బయటి సంస్థ తనిఖీ చేసి ధ్రువీకరించే పద్ధతిని సెబీ తెచ్చింది. దాన్ని పార్వా అంటున్నారు. కేర్ రేటింగ్స్ తనిఖీ చేస్తుంది, ఎన్ఎస్ఈ డేటా కేంద్రంగా ఉంటుంది. ఇది నిలదొక్కుకుంటే సర్వీసు తన రికార్డును తనే దిద్దుకునే రోజులు పోవచ్చు. అయినా పైన చెప్పిన 144కీ 156కీ మధ్య తేడాను ఏ ధ్రువీకరణా చూపించలేదు.

మంచి అనుభవం పొందినవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లు చెప్పే మాటల్లో పోలిక ఉంటుంది. వాళ్లు మెచ్చుకునేది షేరు పేరును కాదు. త్రైమాసిక ఫలితాలు వచ్చిన రెండు మూడు రోజుల్లో ఏం మారిందో రాసి పంపడాన్ని, ఒక షేరుకు పోర్ట్‌ఫోలియోలో ఐదు శాతమే పెట్టమని చెప్పడాన్ని, "మేం పొరబడ్డాం, రేపు అమ్మేయండి" అని కారణంతో సహా ఒప్పుకోవడాన్ని మెచ్చుకుంటారు. ప్రమోటర్ (కంపెనీని నడిపే యజమాని) షేర్లు తాకట్టులో ఉంటే ఏమవుతుంది, లాభం చూపించి చేతికి నగదు రాని కంపెనీ ఎలా ఉంటుంది అన్నవి రెండేళ్ల నోట్స్ చదివి నేర్చుకున్నామంటారు. ఇలాంటి చందాదారుడికి ఫీజులో కొంత చదువు ఖర్చు కింద పోతుంది. మెసేజ్ రాగానే కొని, నోట్ తెరవనివాడికి అది దక్కదు.

రెన్యువల్ మెసేజ్ వచ్చినప్పుడు, తగ్గింపు ఈ రాత్రి 12 గంటల వరకే అని ఉన్నా సరే, ఒక గంట కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. బ్రోకర్ యాప్‌లోంచి ట్రేడ్‌బుక్ (కొన్నవీ అమ్మినవీ చూపే జాబితా) దించుకుని, ఆ సర్వీసు చెప్పగా కొన్నవన్నీ ఏ తేదీన, ఏ రేటుకు, ఎంతకు అన్నది ఎక్సెల్‌లో వేయాలి. కట్టిన ఫీజునూ ఆ తేదీకే ఖర్చుగా రాయాలి. ఈరోజు విలువ వేసి ఎక్స్ఐఆర్ఆర్ (వేర్వేరు తేదీల్లో పెట్టిన డబ్బు మీద ఏడాదికి వచ్చిన రాబడి శాతం) తీయాలి. అవే తేదీల్లో అదే డబ్బు, ఫీజుతో సహా, ఒక ఇండెక్స్ ఫండ్‌లో పెట్టి ఉంటే ఎంతయ్యేదో పక్క గడిలో వేయాలి. స్మాల్‌క్యాప్ సర్వీసైతే స్మాల్‌క్యాప్ 250 ఇండెక్స్ ఫండ్‌తో పోల్చాలి. ఒక్క ఏడాది అంకెతో తీర్పు చెప్పకూడదు కానీ, మూడేళ్ల అంకె ఇండెక్స్ కంటే కింద ఉంటే సర్వీసు వెబ్‌సైట్‌లో ఏముందన్నది ఆ ఖాతాకు సంబంధం లేని విషయం.